పది కిలోలు, హంకర్‌లో రెండు రాత్రులు

జూన్ మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి, లేహ్‌లో దిస్కిత్ తన బ్యాగును వాకిట్లో ఆప్రికాట్లు తూచే కొక్కెం త్రాసుకు తగిలించింది. ముల్లు పద్నాలుగు దగ్గర ఆగింది.

యాంగ్‌డోల్ పెట్టిన హద్దు పది. దిస్కిత్‌కి ఆమె పెద్దమ్మ కూతురు. ఏళ్లుగా కొండల్లో జనాన్ని నడిపిస్తున్న గైడు. ఈసారి సామాను మోసే గుర్రాలు లేవు. తన బరువు తానే మోస్తూ కోంగ్‌మారు కనుమ దాటితే దిస్కిత్ ఈ వేసవికి రెండో గైడు. లేకపోతే ట్రెక్కింగ్ ఆఫీసులో ఫోన్లు ఎత్తడమే. సంబరంతో దిస్కిత్‌కి రాత్రి నిద్ర పట్టలేదు.

"కనుమ దాటడానికా, కాపురానికా ఇదంతా?" అంది యాంగ్‌డోల్.

జీన్స్ బయటికొచ్చింది. రెండో జత బూట్లు, షాంపూ సీసా, అద్దం వచ్చాయి. అడుగున గుడ్డలో చుట్టిన రొట్టెలు.

"ఇవి నేను పెట్టలేదక్కా!"

"నేనే పెట్టా," వంటింట్లోంచి తల్లి కేకేసింది. "ఆకలేస్తే త్రాసు కొరుక్కు తింటారా?"

సగం రొట్టెలు ఉంచారు. ముల్లు పదికి దిగింది. దిస్కిత్ చప్పట్లు కొట్టింది.

"ఇప్పుడు చెప్పు. ఏ రాత్రి ఎక్కడ?"

"స్కియు, మర్ఖా ఊళ్లలో. మూడోది నేరుగా పైన నిమాలింగ్ పచ్చికలో. తెల్లారితే కనుమ!"

"మర్ఖా నుంచి నిమాలింగ్‌కి ఎంత ఎత్తే?"

"వెయ్యి మీటర్లు. అయితే ఏంటి? నేను లదాఖీదాన్ని. తలనొప్పులన్నీ కింది నుంచి వచ్చేవాళ్లకి."

"నువ్వెక్కడి నుంచి దిగావో?"

దిస్కిత్ పది నెలలు చండీగఢ్‌లో చదువుకుని మొన్ననే విమానం దిగింది.

"మేడ మెట్లెక్కితే ఆయాసం రాలేదూ?"

"వచ్చింది... కొంచెం."

"ఆ కొంచెం దాచే గైడు నాకొద్దు. కిందటేడు మనవాడే ఒకడు, జమ్మూలో చలికాలం గడిపొచ్చి ఇలాగే కోతలు కోశాడు. నిమాలింగ్ నుంచి మోసుకుని దింపాం."

దిస్కిత్ గడప మీద కూర్చుని రాత్రులు వేళ్ల మీద మళ్లీ లెక్కేసింది.

"అయితే నిమాలింగ్‌కి ముందు ఊరు హంకర్‌లో రెండు రాత్రులు. మధ్య రోజు నిమాలింగ్ దాకా ఎక్కి, దిగొచ్చి హంకర్‌లోనే పడుకుందాం."

"ఇదీ దారి. మరి రెండు రోజుల తిండి పెరిగిందే! దారిలో గుడారాల హోటళ్లు ఇంకా తెరవలేదు."

దిస్కిత్ స్టవ్వు తీసేసింది. కిరోసిన్, గిన్నె, నూడుల్స్ తీసేసింది. వేయించిన బార్లీ పిండితో తోలుసంచి నింపింది. దానికి నిప్పక్కర్లేదు, నీళ్లయినా మజ్జిగయినా చాలు.

"అమ్మమ్మ ఇదే తిని కనుమ దాటేది," అంది.

"అమ్మమ్మ చండీగఢ్ వెళ్లలేదే తల్లీ!"

ముల్లు పది దాటి కాస్త ముందుకెళ్లింది. దిస్కిత్ తువ్వాలును సగానికి కత్తిరించింది, సబ్బును సగానికి కోసింది. పది.

సోమవారం బయల్దేరారు. గురువారం నిమాలింగ్ పచ్చిక దగ్గర, ఎవరూ అడక్కముందే దిస్కిత్ ఆగింది.

"అక్కా, తల పట్టేసింది."

"దిగుదాం పద," అంది యాంగ్‌డోల్.

హంకర్ చేరేసరికి నొప్పి తగ్గింది. దిస్కిత్ రెండు గిన్నెల పిండి మజ్జిగలో కలుపుకుని తిని పడుకుంది. శుక్రవారం రాత్రి నిమాలింగ్‌లో గడిపారు. తల నొప్పలేదు.

శనివారం పదిన్నరకు ఇద్దరూ కనుమ మీద ఉన్నారు. "కి కి సో సో, ల్హా గ్యాలో!" అని కనుమ దేవతలకు జయం పలుకుతూ దిస్కిత్ గొంతు చించుకుని మూడుసార్లు అరిచింది. యాంగ్‌డోల్ పక్కకు జరిగి దారిచ్చింది. దిగేటప్పుడు దిస్కిత్ ముందు నడిచింది.