గోడవారన రెండు సమాధులు

మూడో వరుస ఊడ్చేసరికి సలోమికి నడుం పట్టేసింది. చీపురు నేలకు ఆనించి, ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ఊపిరి కుదిరేదాకా వంగే నిలబడింది. నిటారుగా లేచి మళ్ళీ వంగడం కంటే అదే సులువని ఆమెకు ఇరవయ్యేళ్ళుగా తెలుసు. అరవై ఆరేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు మిషన్ ఆస్పత్రిలో ఆయాగా ఫినాయిలు నీళ్ళలో నానిన చేతులు. అరచేతుల్లో గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో ఆమె వేలిముద్ర పడక వెనకున్న వాళ్ళంతా విసుక్కుంటారు.

డిసెంబరు నెల. నంద్యాలలో ఈ ఏడు చలి కాస్త గట్టిగానే ఉంది. శ్మశానంలో గడ్డి ఇంకా తడిగా ఉంది. మామూలుగా అయితే ఈపాటికి అన్ని వరుసలూ ఊడ్చి, కుళాయి దగ్గర బొక్కెన నింపుకుని, చివరికి గోడవారకు చేరేది. ఈ రోజు అటు పోవడానికి కాళ్ళు రాలేదు. ఊడ్చిన వరుసనే మళ్ళీ ఊడ్చింది. ఆకు లేనిచోట కూడా ఊడ్చింది.

గోడవారన ఉన్నవి రెండే సమాధులు. రెండూ మట్టి దిబ్బలే, పొడవు కూడా ఒకటే, పేర్లు లేవు. కుందూ నది పొంగిన ఏడాది చెక్క శిలువలన్నీ కొట్టుకుపోయాయి. ఎవరు ఎక్కడున్నారో రాసిన రిజిస్టరు నాని ముద్దయింది. రాతి పలక ఉన్నవాళ్ళు బతికిపోయారు. లేనివాళ్ళకు సలోమి జ్ఞాపకమే దిక్కు. ఎడమది సిస్టరమ్మ సమాధి. కుడిది సలోమి తల్లి దెబోరాది.

సిస్టరమ్మ రాజుల బిడ్డ. ఐరోపాలో ఎక్కడో చిన్న రాజ్యం. యుద్ధం అయ్యాక జనం ఓట్లు వేసి రాజును పంపించేశారట. అన్నలూ తమ్ముళ్ళూ తలో దేశం పట్టుకున్నారు. ఆమె నర్సు పని నేర్చుకుని నంద్యాల వచ్చి పడింది. ఈ సంగతి ఊరికి ఆమె పోయాకే తెలిసింది. దెబోరాకు మాత్రం ముందే తెలుసు. వార్డులు కడిగే దెబోరా, పుండ్లు కడిగే సిస్టరమ్మ, రాత్రి డ్యూటీల్లో గోడకు చేరగిలబడి ఒకే గ్లాసులో కాఫీ పంచుకున్న మనుషులు. ఇద్దరి పాదాలూ ఒకటే కొలత. సిస్టరమ్మ బూట్లు అరిగితే దెబోరాకు వచ్చేవి. దెబోరాకు చలి అస్సలు పడదు. ఎండాకాలంలో కూడా చెవులకు గుడ్డ చుట్టుకునేది. అందుకని సిస్టరమ్మ ఆమెకు బూడిదరంగు ఉన్నితో ఒక శాలువా అల్లి ఇచ్చింది. దెబోరా చనిపోయినప్పుడు దాన్ని కప్పి పూడ్చబోతే సిస్టరమ్మే ఆపింది. బిడ్డకు ఉండనీ అంది. అందువల్ల దెబోరా శాలువా లేకుండానే మట్టిలోకి పోయింది.

మూడేళ్ళకు సిస్టరమ్మ వంతు వచ్చింది. పెట్టె వద్దు, రోగులకు చుట్టినట్టే ఒక దుప్పటి చుట్టి దెబోరా పక్కన పెట్టమంది. ఆ చివరి మంచం మీదే సలోమి చెయ్యి పట్టుకుని ఇంకో మాట అడిగింది. ఆమెది వార్డుల్లో నేర్చుకున్న తెలుగు.

"సలోమీ, మావోళ్ళు ఎప్పుడో ఒకనాడు వస్తారు. తీసుకపోతామంటారు. ఇయ్యొద్దు. మా చర్చి కింద రాతి గది ఉంటాది. మావోళ్ళందరినీ ఆడ పెడతారు. ఏడేళ్ళప్పుడు మా తాతకు ముద్దు పెట్టమని నన్ను లోపలికి తోసినారు. ఆ చలి నా పండ్లల్లో ఇంకా ఉండాది. ఎండ తగలని చోట నన్ను పెట్టనీయద్దు."

సలోమి సరేనంది. చనిపోయే మనిషికి సరే అనడం ఎంత తేలికో ఆమెకు ఆస్పత్రి నేర్పింది. ఇది మాత్రం తేలిగ్గా అనలేదు.

నెల క్రితం ఆ 'మావోళ్ళు' తీసుకుపోతామని చర్చికి ఉత్తరం రాశారు. సలోమి చర్చి కమిటీ దగ్గరికి రెండుసార్లు పోయి సిస్టరమ్మ మాట చెప్పింది. కాగితం ఉందా అని అడిగారు. లేదు. "రక్తసంబంధం వాళ్ళది. ఆర్డీవో గారు అనుమతి ఇచ్చేసినారు. మధ్యలో నువ్వెవరు?" అన్నాడు పాస్టరు. గోడవారన ఉన్న రెండిట్లో ఏది సిస్టరమ్మదో చూపించడమే ఆమె పని అన్నారు. ఆ రాత్రి నుంచి సలోమికి అన్నం సరిగా దిగడం లేదు. సరైనది చూపిస్తే సిస్టరమ్మ పోతుంది. తప్పు చూపిస్తే అమ్మ పోతుంది.

పది గంటలకు కారు వచ్చింది. రాజవంశం వాడు వస్తాడని పాస్టరు బంతిపూల దండ తెప్పించి పెట్టాడు. దిగినవాడికి యాభై ఏళ్ళుంటాయి. పల్చటి జుట్టు, ఎండకు పొరలు లేచిన ముక్కు, భుజాన బడిపిల్లల సంచి లాంటిది. పేరు ఫెలిక్స్. సిస్టరమ్మ తమ్ముడి కొడుకు. వాళ్ళ ఊళ్ళో లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాడట. పాస్టరు మొహం వాడిపోయింది గానీ దండ వేశాడు. అతని మాటలు తెలుగులో చెప్పడానికి కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే అనిత వచ్చింది. రెవెన్యూ ఆఫీసు మనిషి ఒకడు కాగితాలు పట్టుకుని గోడ నీడలో నిలబడ్డాడు.

"పెద్దమ్మా, వాళ్ళకు చూపించాల. ఏది సిస్టరమ్మది?" అంది అనిత.

అందరూ సలోమి వైపు చూశారు. ఆమె ఎడమ దిబ్బ వైపు చూడనేలేదు. చూస్తే చెయ్యి అటే పోతుందని భయం.

"కుడిది," అంది.

గుంతలు తవ్వే యోహాను గడ్డపార ఎత్తినవాడల్లా ఆగాడు. ఏటా సమాధుల పండక్కి ఈ రెండిటికీ సున్నం కొట్టేది వాడే. ఏ దిబ్బ మీద సలోమి ముందు పూలు పెట్టి అమ్మా అని తల ఆనిస్తుందో వాడు చూడకపోలేదు.

"అత్తా, కుడిదేనా?"

"కుడిదే. తవ్వు."

వాడు గడ్డపార దించాడు. నల్లరేగడి గట్టిపడి ఉంది. గడ్డపార పోటు పడ్డప్పుడల్లా సలోమి, నా తల్లిని నేనే తవ్విస్తున్నాను అనుకుంది. నోరు తెరిస్తే నిజం బయటికి వస్తుందని కొంగు పళ్ళ మధ్య పెట్టుకుంది. మూడడుగులు దాటాక యోహాను గడ్డపార పక్కన పడేసి చేతులతో తవ్వసాగాడు. కాసేపటికి వాడి వేళ్ళకు పచ్చ గాజుముక్క ఒకటి తగిలింది. మిషన్ సిస్టర్లు గాజులు వేసుకోరు. వాడు దాన్ని మట్టితో పాటు పిడికిట్లోకి తీసుకుని, పైకెక్కి నీళ్ళు తాగే నెపంతో సలోమి పక్కకు వచ్చి, ఆమె అరచేతిలో పెట్టి, మళ్ళీ గుంతలోకి దిగాడు.

ఎముకలు ఒక్కొక్కటే తెల్లగుడ్డ మీదికి వచ్చాయి. పుర్రె వచ్చినప్పుడు ఫెలిక్స్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేలితో నుదుటి మీది మట్టి తుడిచాడు. ఏదో అంటూ ఏడ్చేశాడు.

"ఇది అచ్చం వాళ్ళ నాయన నుదురంట పెద్దమ్మా," అంది అనిత, తనూ కళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళింట్లో అందరికీ ఇట్లే ఉంటాదంట."

సలోమికి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఆస్పత్రి పనిలో చేరకముందు ఆ తల మీద దెబోరా ఎన్ని కంకర తట్టలు మోసిందో. తెల్లవాళ్ళ ముందు ఏనాడూ కుర్చీలో కూర్చోని మనిషి.

ఫెలిక్స్ చెబుతూ పోయాడు. వాళ్ళ నాన్నకు తొంభై రెండేళ్ళు. మంచం దిగడు. అక్క వచ్చిందా అని రోజూ పొద్దున్నే అడుగుతాడు. ఆ రాతి గదిలో తన చోటు పక్కనే అక్కకు చోటు ఉంచాడు. అక్క వచ్చేదాకా చావనని పంతం పట్టి కూర్చున్నాడు. ఆ ముసలాయన తనకేం అన్యాయం చేశాడు అనుకుంది సలోమి. ఆయనకు అబద్ధం పంపిస్తోంది తను. ఇప్పుడైనా చెప్పేద్దామా అని ఒక అడుగు ముందుకు వేసింది. ఎడమ దిబ్బ కంటికి తగిలింది. మధ్యాహ్నపు ఎండ దాని మీద నిండుగా పడుతోంది. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"ఆ గదిలో చలెట్లుంటాది, అడుగు తల్లీ," అంది చివరికి.

అనిత అడిగింది. "ఇప్పుడు ఆడ మోకాటి లోతు మంచు ఉండాదంట. గదిలో ఏడాది పొడుగునా చలేనంట. ఎందుకు పెద్దమ్మా?"

సలోమి వెనక్కి తిరిగింది. శ్మశానం గోడ అవతల పాత క్వార్టర్సులో ఆమె గది. అంత వేగంగా ఆమె నడిచి ఎన్నాళ్ళయిందో. ట్రంకుపెట్టెలో అడుగున, కలరా ఉండల మధ్య, బూడిదరంగు శాలువా నాలుగు మడతలుగా ఉంది. అంచు ఒకచోట ఎలుక కొట్టింది. చలికి ఆమెకున్నది అదొక్కటే. దాన్ని గుండెకు పట్టుకుని తిరిగి వచ్చింది.

అప్పటికి ఎముకల్ని రేకుపెట్టెలో పెట్టి మూత వేశారు. బజారు నుంచి వచ్చినవాడు అంచులకు తగరం కరిగించి మాటు వేస్తున్నాడు. అదే సమయానికి ఆళ్ళగడ్డ నుంచి ట్రాలీ ఆటోలో రాతి పలక కూడా వచ్చింది. ఖాళీ చేసిన చోటుకు గుర్తు ఉండాలని ఫెలిక్స్ వాళ్ళు ముందే చెప్పి చేయించారు. చెక్కిన అనంతయ్య కూడా దానితో వచ్చాడు. రాతిదుమ్ము పట్టిన కనుబొమ్మలు, మాట మాటకీ దగ్గు.

"ఏడు పేర్లుండాయక్కా ఒక్క మనిషికి. ఆ పైన కిరీటం. దానికే మూడు దినాలు పట్టింది," అన్నాడు సలోమితో.

తన తల్లికి ఉన్నది ఒకటే పేరు. దాన్ని కూడా పిలిచినవాళ్ళు తక్కువ. వార్డులో అందరూ ఏయ్ అనే పిలిచేవాళ్ళు.

సలోమి పెట్టె దగ్గరికి పోయి శాలువా చాచింది. "దీన్ని కూడా లోపల పెట్టమను తల్లీ. ఆమెకు చలి పడదు."

"మూత మూసేసినారు పెద్దమ్మా. ఎముకలు తప్ప ఏమీ పెట్టగూడదని కాగితంలో ఉండాది."

"మరి పైనన్నా కప్పమను. ఆడికి పోయినాక కప్పినా సరే. చలికి వణికిపోతాది. నీకు తెల్దు."

అనిత ఇంగ్లీషులో చెప్పింది. సిస్టరమ్మ సొంత చేతులతో అల్లిందని కూడా చెప్పింది. ఫెలిక్స్ లేచి శాలువాను రెండు చేతులా అందుకున్నాడు. మొహానికి ఆనించుకున్నాడు. చాలాసేపు సలోమి చేతుల్ని పట్టుకుని తల వంచాడు. ఆమె చేతులూ, పాత చీరా, చలికి చిట్లిన పెదవులూ చూశాడు. ఆమెకు అదే చాలనిపించింది. పోతే పోయింది, అమ్మ ఈసారి కప్పుకుని పోతోంది అనుకుంది.

గుంత పూడ్చారు. పైన నల్లరాతి పలక పరిచారు. పాస్టరు ప్రార్థన చేశాడు. ఏడు పేర్లూ చదవబోయి మూడో పేరు దగ్గర తడబడి, ఈ సహోదరి అని ముగించాడు. కింద ఎవరూ లేరు. ఎవరి కోసం ప్రార్థించారో ఆమె ఎడమ పక్కన ఊరకే పడుకుని ఉంది.

నాలుగు గంటలకు పెట్టెను కారులోకి ఎక్కించారు. సలోమి అందరితో పాటు గేటు దాకా నడిచింది. ఫెలిక్స్ మాత్రం సమాధి దగ్గర కాసేపు నిలబడి, అనితతో ఏదో చెప్పి, తర్వాత వచ్చి ఎక్కాడు. కారు అద్దాలు నలుపు. లోపల ఏముందో కనపడలేదు. కర్నూలు రోడ్డు వైపు తిరిగేదాకా సలోమి చూసింది.

'పోయిరా అమ్మా' అనాలని ఉంది. పక్కన పాస్టరు ఉన్నాడు. అనలేకపోయింది. తల్లి ఊరు దాటిపోతుంటే నోరారా పిలవడానికి కూడా లేకుండా చేసుకున్నానే అని ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. పిడికిలి బిగిస్తే గాజుముక్క గుచ్చుకుంది.

అందరూ వెళ్ళాక చీపురు తీసుకుని గోడవారకు వచ్చింది. తవ్విన మట్టి చుట్టూ చెల్లాచెదురుగా ఉంది. యోహాను గడ్డపార కడుక్కుంటూ ఆమె వైపు చూడకుండా కూర్చున్నాడు. సలోమి ఎడమ దిబ్బ ముందు వంగింది.

"నీ మాట నిలబెట్టినా సిస్టరమ్మా," అంది. "మా అమ్మను పంపిచ్చినా."

కుడివైపు తిరిగి, పలక మీద ఉన్నదాన్ని చూసి ఆగిపోయింది.

"ఆయన పెట్టిపోయినాడత్తా," అన్నాడు యోహాను మెల్లగా. "ముసలామెకు చలికి ఉన్నదే అదొక్కటి, దాన్నెట్ల తీసుకపోదునని అన్నాడంట. నీకు ఇయ్యమని అనితమ్మ చెప్పిపోయింది."

సలోమి పలక పక్కన కూర్చుంది. పొద్దు గోడ దాటింది. పలక మీద, ఏడు పేర్లకు పైన, కిరీటం కప్పుకుపోయేలా, ఎలుక కొట్టిన అంచు లోపలికి మడిచి, బూడిదరంగు శాలువా నాలుగు మడతలుగా పెట్టి ఉంది.