గంగబాబు బండికి లాక్

గంగబాబు ఒంటికాయ శొంఠికొమ్ము. పిల్లల్లేరు. భార్య కనకరత్నం పోయి రెండేళ్లు దాటింది. మిగిలిందల్లా పాత పికప్ బండి. మలికిపురం అవతల రొయ్యల చెరువులకి ఐసూ మేత బస్తాలూ దింపడం, వచ్చేటప్పుడు కొబ్బరికాయలు దొరికితే ఎత్తుకు రావడం, ఇదీ అతని బతుకు.

చెరువుల దాకా వెళ్లేది మట్టిగట్టు. ఎండాకాలం సిమెంటు రోడ్డుకేమీ తీసిపోదు. నాలుగు చినుకులు పడ్డాయా, ఇక చెప్పక్కర్లేదు. వెనక చక్రాల్లో ఒకటి బురదలో పడి గిర్రున తిరుగుతుంది. గట్టినేల మీదున్న రెండోది అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడిలా కదలనంటుంది. తేలిగ్గా తిరిగే చక్రానికే బలమంతా ధారపోయడం, ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ గుణం మరి. మలుపుల్లో అది మంచిదే, బురదలోనే కొంప ముంచుతుంది.

దిగబడినప్పుడల్లా గంగబాబు హారన్ కొట్టేవాడు. గట్టు మలుపులో ఉన్నది పాపాయమ్మగారి ఇల్లు ఒక్కటే. ఆవిడా, అల్లుడు శివనాగరాజూ కొబ్బరిమట్టలు ఈడ్చుకొచ్చి, చక్రం కిందకి తోసి, వెనకనుంచి నెట్టేవారు. ఆ గట్టు మీద ఓ కట్టుబాటు ఉంది. బండి బయటపడ్డాక బండివాడు నెట్టినవాళ్లింట్లో కాళ్లు కడుక్కుని, టీ తాగి మరీ కదలాలి. ఎంగిలిపడకుండా పోతే మళ్లీ అక్కడే దిగబడతాడట. నిజమో అబద్ధమో గానీ, గంగబాబు మాత్రం ఎన్నడూ తప్పలేదు. కనకరత్నం పోయాక మనుషుల మధ్య అతను కూర్చునేది ఆ అరుగు మీదే. వాళ్లు కొబ్బరి ధర గురించీ దొడ్లో గేదె గురించీ మాట్లాడుతుంటే వింటూ కూర్చునేవాడు. ఇంటికెళితే తాళం వేసిందీ తనే, తియ్యాల్సిందీ తనే.

కిందటి వానాకాలం సరిగ్గా రొయ్యల పట్టుబడి రోజున బండి దిగబడింది. ఐసు కరిగిపోయి సరుకు మెత్తబడింది. చెరువుల యజమాని రాజేంద్ర కేకలెయ్యలేదు. ఇంకోసారి ఇలా అయితే వేరే బండి చూసుకుంటానండీ అన్నాడు, ఎంతో మర్యాదగా. కోనసీమలో మర్యాదగా చెప్పారంటే గట్టిగా చెప్పినట్టే లెక్క.

దాంతో గంగబాబు రాజోల్లో మెకానిక్ జోజి దగ్గరికి పరిగెత్తాడు. డిఫరెన్షియల్లో వెల్డింగ్ పెట్టించేస్తే చాలని ఎవరో చెప్పారట, అదే అడిగాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుందన్నాడు జోజి. చక్రాలు రెండూ జన్మకి విడిపోవు, మలుపు తిరిగినప్పుడల్లా టైర్లు ఈడ్చుకుని అరిగిపోతాయి, ఏదో ఒకనాడు ఇరుసు విరుగుతుంది. అంతకంటే తనంతట తనే పట్టే లాక్ వేయించుకోమన్నాడు. ఒక చక్రం జారితే రెంటినీ కలిపి పట్టేస్తుంది, మలుపులో వదిలేస్తుంది, కాస్త టకటకమని చప్పుడు చేస్తుందంతే. ఇంకో రకం కూడా ఉంది, ట్రాక్టరుకి లాక్ వేసినట్టు మనమే వెయ్యాలి. సీటు పక్కన మీట లాగితేనే పడుతుంది. బిగించడానికి పని ఎక్కువ, లాగడం మర్చిపోతే ఉన్నా లేనట్టే.

"మీరు ఒక్కరే తిరుగుతారు గదండీ. తనంతట తను పట్టేదే మేలు. ఇంకెవరితోనూ పనుండదు," అన్నాడు జోజి.

ఆ చివరి మాట గంగబాబుకి ముల్లులా దిగింది. "మీట ఉన్నదే వెయ్యండి. నా చేతిలో ఉండాలి," అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువని జోజి చాలాసేపు వాయించాడు గానీ, మనిషి లొంగలేదు. చివరికి మీట ఉన్న లాకే తెప్పించి బిగించాడు.

తొలకరి పడింది. ఐసు లోడుతో గట్టెక్కి, మలుపు దగ్గర మీట లాగాడు. రెండు చక్రాలూ ఒక్కసారే పట్టుకున్నాయి. బండి చప్పుడికి మట్టలతో బయటికొచ్చిన పాపాయమ్మగారు, అది ఆగకుండా పోతుంటే నవ్వి చెయ్యెత్తారు. గంగబాబూ చెయ్యెత్తాడు. ఐసు కరగకుండా వచ్చిందని రాజేంద్ర మెచ్చుకున్నాడు. సంతోషించాలా వద్దా? సంతోషం రాకపోగా, తిరుగుదారిలో ఏడుపొచ్చింది. ఛీ, యాభై దాటినవాడికి ఇదేం ఏడుపని తనని తనే తిట్టుకున్నాడు.

తర్వాత్తర్వాత బండి చప్పుడు విన్నా ఆ ఇంట్లోంచి ఎవరూ బయటికి రావడం మానేశారు. రావాల్సిన పనేముంది? ఆ రోజుల్లో గంగబాబు నోటివెంట వచ్చినవన్నీ సరుకు మాటలే. ఇంట్లో ఒక్కోరోజు అసలు నోరు తెరిచే పనే ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం సరుకు దింపేసి, ఖాళీ బండితో తిరిగొస్తున్నాడు. ముసురు పట్టి ఉంది. మలుపు దగ్గర వెనక చక్రం జారింది. చెయ్యి మీట మీదకి వెళ్లింది. లాగలేదు. కావాలనే ఎక్సలేటర్ ఇంకాస్త తొక్కాడు. చక్రం ఇరుసు దాకా దిగిపోయింది. అప్పుడు హారన్ కొట్టాడు.

ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. మట్టలు తోశారు, నెట్టారు, ఒళ్లంతా బురద చేసుకున్నారు. బండి బయటపడ్డాక గంగబాబు కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. శివనాగరాజు గేదెని చూసి రావడానికి దొడ్లోకి వెళ్లాడు. పాపాయమ్మగారు టీ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నారు.

"పొద్దున్న అంత లోడుతో దూసుకుపోయేరు. ఖాళీ బండి దిగబడిందేంటండీ అన్నయ్యగారూ?"

గంగబాబు తలెత్తలేదు. "మీట లాగలేదండి."

"మర్చిపోయేరా?"

"లేదండి. లాగితే దిగబడదు గదండీ."

ఆవిడ మోచేతి మీద ఎండిపోతున్న బురదని గోటితో గీరుకుంటూ కూర్చున్నారు. "దిగబడకపోయినా రావొచ్చండీ," అన్నారు చివరికి. "ఊరికే వచ్చి కూర్చోండి. ఎవరు కాదంటారు?"

"ఆయ్," అన్నాడు గంగబాబు.

అనడమైతే అన్నాడు గానీ, ఏ పనీ లేకుండా ఒకరి గుమ్మం ఎక్కడం అతనికి పుట్టిబుద్ధెరిగి చేతకాలేదు. చుట్టాలిళ్లకైనా, పెళ్లిళ్లకైనా, కనకరత్నం ముందు నడిస్తే ఆవిడ వెనకాలే వెళ్లేవాడు.