ఫ్రెష్‌కు ఎదురు మాట

పంకజాక్షిది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే పల్లె. అక్కడ చిన్న బడి తప్ప హైస్కూలు లేదు. అందుకని శ్రీకాళహస్తిలో మేనత్త ఇంట్లో ఉండి, ఆడపిల్లల హైస్కూల్లో నాతోపాటు పదో క్లాసు చదివేది. నా పేరు అమీనా. బజారు వీధిలో మా అబ్బాకు గాజుల అంగడి ఉండేది. మేమిద్దరమూ ఒకే బెంచీలో కూర్చునేవాళ్లం. ఇంగ్లీషు అంటే ఇద్దరికీ పిచ్చి.

1979లో చిత్తూరులో ఇంగ్లీషు మాటల పోటీ పెట్టినారు. ఒక మాట ఇస్తారు, దానికి వ్యతిరేకం చెప్పాల. బడికి ఇద్దరు. అంతకుముందు మా బడి నుంచి అట్లాంటి పోటీకి ఎవరూ పోయింది లేదు. మా సుబ్బులమ్మ టీచరు మా ఇంటికొచ్చి అమ్మీని ఒప్పించింది. పంకజాక్షి మేనత్తను ఒప్పించడానికి మాత్రం రెండుసార్లు తిరగాల్సి వచ్చింది.

తెల్లారకముందే బయల్దేరి, తిరుపతిలో బస్సు మారినాము. చిత్తూరు బస్సులో టీచరు మమ్మల్ని ఊరికే కూర్చోనీలేదు. ఒక మాట విసరడం, మేము ఎదురు మాట అరవడం. "బ్రేవ్!" అంటే "కవార్డ్!" అని పంకజాక్షి. "కవార్డ్ అంటే పిరికోడు, అది నౌన్ పాపా, కవార్డ్‌లీ అనాల!" అని టీచరు. ముందు సీట్లో తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏందమ్మా, చదువుకుంటా ఉండారా, తిట్టుకుంటా ఉండారా?" అన్నాడు. బస్సంతా నవ్వినారు. నేను మాత్రం కిటికీలోంచి మైలురాళ్లు లెక్కపెట్టుకుంటా ఉండాను. ఇంతకుముందు చిత్తూరు చూసిందే లేదు నేను.

పొద్దున జరిగిన పోటీల్లో ఎట్లా గెలుచుకుంటూ వచ్చినామో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒక్కొక్క బడి బెంచీ ఖాళీ అవుతా వచ్చింది. అన్నాల వేళకు రెండే బడులు మిగిలినాయి. ఒకటి మాది, ఇంకొకటి చిత్తూరు టౌను బడి. ఆ బడి పిల్లల్లో జ్ఞానాంబ అని ఒకామె ఉండాది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలు మడిచి కట్టుకోని. మాట అడిగేలోపలే జవాబు చెప్పేది. ఆమె నోరు తెరిస్తే హాలంతా నిశ్శబ్దం.

"ఆ పిల్లను చూస్తే భయంగా ఉండాది మే," అన్నాను.

"నాకేమో ఆ పిల్లతోనే ఆడాలని ఉండాది," అనింది పంకజాక్షి. కళ్లు మెరిసిపోతా ఉండాయి.

ఆఖరి ఆటకు న్యాయనిర్ణేత దామోదరం సారు. రిటైరైన హెడ్‌మాస్టరు. ఆయన లేచి ఆట చెప్పినాడు. ఒకే ఒక్క మాట ఇస్తాను. దానికి ఎన్ని వ్యతిరేకాలుంటే అన్నీ చెప్పండి, ఒక జట్టు తర్వాత ఇంకో జట్టు. చెప్పిన మాటను ఒక వాక్యంలో పెట్టి చూపించాల. గంట కొట్టేలోపల చెప్పలేనివాళ్లు ఓడినట్టు. అంతా చెప్పి, పెట్టెలో చెయ్యి పెట్టి చీటీ తీసి పెద్దగా చదివినాడు.

"ఫ్రెష్!"

తెలుగులో దీనికి ఒకే మాటంటూ లేదు కదా. కూరగాయలైతే ఒకటి, నీళ్లైతే ఒకటి, ముఖమైతే ఇంకొకటి. అంతలో మా ఇంట్లో అమ్మీ ఎప్పుడూ అంటా ఉండే మాట గుర్తొచ్చింది. తాజా రొట్టె, నిన్న మిగిలిన బాసీ రొట్టె. "స్టేల్!" అని అరిచేసినాను. "ద బ్రెడ్ ఈజ్ నాట్ ఫ్రెష్, ఇట్ ఈజ్ స్టేల్."

"రాటన్," అనింది జ్ఞానాంబ తడుముకోకుండా, పండు మీద పెట్టి.

"డ్రైడ్!" అనింది పంకజాక్షి. ఫ్రెష్ ఫిష్, డ్రైడ్ ఫిష్. జనంలో ఎవరో ముక్కు మూసుకున్నట్టున్నారు, గుప్పున నవ్వు లేచింది. పంకజాక్షికీ నవ్వొచ్చింది కానీ ఆపుకోని నిలబడింది.

"ఫేడెడ్," పువ్వులు. "టయర్డ్," ఇది నాది, ప్రయాణం చేసొచ్చిన మనిషి. "ఓల్డ్," వార్త. "సవర్," పాలు. నిజానికి ఎవరు ఏది చెప్పినారో నాకు కలగాపులగంగా ఉండాది. కాళ్ల కింద స్టేజీ చెక్కలు అదురుతా ఉన్నట్టనిపించింది. వెనక వరసల్లో పిల్లకాయలు బెంచీల మీదికెక్కి నిలబడినారు. సుబ్బులమ్మ టీచరు కొంగు కొసను వేలికి చుట్టి విప్పి, మళ్లా చుట్టి విప్పుతా ఉండాది. జ్ఞానాంబ "ఫ్రోజన్" అనేసరికి చిత్తూరోళ్లందరూ చప్పట్లు. మద్రాసులో ఐసులో పెట్టిన చేపను చూసిందంట.

ఇప్పుడు మా వంతు. నా బుర్రలో ఏమీ మిగల్లేదు. పంకజాక్షి వైపు చూసినాను. అది కళ్లు మూసుకోని ఉండాది. గంట కొట్టే మనిషి చెయ్యి పైకెత్తినాడు.

"సాల్ట్!" అనింది. "అవర్ వెల్ ఈజ్ ఫ్రెష్. అవర్ లేక్ ఈజ్ సాల్ట్."

దామోదరం సారు కళ్లజోడు పైకి నెట్టినాడు. "సాల్ట్ అంటే ఉప్పు. వస్తువు పేరు. ఫ్రెష్‌కు ఉప్పుకు ఏం సంబంధమమ్మా? ఇది చెల్లదు."

"చెల్తుంది సార్," అనింది పంకజాక్షి. "మా ఊర్లో సరస్సు నీళ్లు తాగలేము సార్. బిందెలెత్తుకోని మంచినీళ్లకు పోతాము. ఫ్రెష్ వాటర్ అంటే మంచినీళ్లే కదా. దానికి ఎదురు ఉప్పునీళ్లు కాకపోతే ఏమవుతాయి?"

"వాటర్ సంగతి వేరు, మాట సంగతి వేరు," అన్నాడు సారు. ఆయన మంచివాడే కానీ జనం ముందర చెప్పిన తీర్పును వెనక్కి తీసుకోవడం కష్టమనిపించిందేమో. గంట వైపు చూసి తల ఊపబోయినాడు.

అప్పుడు ఎదుటి బెంచీ కిర్రుమనింది. జ్ఞానాంబ లేచింది. పక్కనున్న పిల్ల ఆమె పావడా పట్టి కిందికి లాగుతా ఉంటే, చెయ్యి విదిలించుకోనింది.

"సార్, వాళ్లు చెప్పింది కరెక్టు," అనింది. "జాగ్రఫీ పాఠంలో ఫ్రెష్ వాటర్ లేక్, సాల్ట్ వాటర్ లేక్ అని పక్కపక్కనే ఉండాయి. ఆడ సాల్ట్ అంటే ఉప్పు కాదు సార్, ఉప్పగా ఉండేదని."

హాలు భగ్గుమనింది. చిత్తూరు పిల్లలు "కూచో! కూచో!" అని అరుస్తా ఉండారు. మావైపు కూర్చున్నోళ్లు లేచి నిలబడి చప్పట్లు. దామోదరం సారు చెయ్యెత్తి అందరినీ ఆపి, ఆమెను కాసేపు చూసినాడు. తర్వాత నవ్వినాడు. "ఎదుటి జట్టే ఒప్పుకుంటే నాకేం? సాల్ట్ చెల్లింది. ఇప్పుడు మీ వంతు, చెప్పమ్మా."

జ్ఞానాంబ నోరు తెరిచింది. మూసింది. పక్కనున్న పిల్ల వైపు చూసింది. ఆ పిల్ల కోపంతో ఎర్రబడి వేరే దిక్కు చూస్తా ఉండాది. నాకు చెప్పేస్తుందని భయం ఒకపక్క, చెప్పాలని ఇంకోపక్క.

గంట మోగింది.

పంకజాక్షి నన్ను వాటేసుకోని గిరగిరా తిప్పింది. సుబ్బులమ్మ టీచరు చెప్పులు కూడా వేసుకోకుండా స్టేజీ మీదికి పరిగెత్తుకొచ్చింది. కప్పు మా ఇద్దరి చేతుల్లో పెట్టినారు. అంత బరువుంటుందని అనుకోలేదు.

కిందికి దిగేసరికి జ్ఞానాంబను వాళ్ల టీచరు నిలదీస్తా ఉండాది. "నిన్నెవరు అడిగినారు? చేతులారా ఇచ్చేస్తివే!" ఆమె తల వంచుకోని వినింది. టీచరు పోయినాక పంకజాక్షి తిన్నగా ఆమె దగ్గరికి పోయింది.

"ఎందుకు చెప్పినావు?"

"ఆ మాట నేను నోట్లో పెట్టుకోని ఉండాను," అనింది జ్ఞానాంబ. "ఆఖరికని దాచిపెట్టుకున్నాను. నువ్వు ముందే లాగేసుకుంటివి. ఇంక నా దగ్గర ఏమీ లేదు." అని ఒక్కసారిగా నవ్వేసింది. "సారు చెల్లదంటా ఉంటే నేను గమ్మునుంటే ఎట్లా? రేపు నేనే ఎవరికైనా ఆ మాట చెప్పాలంటే నోరెట్లా వస్తుంది?"

పంకజాక్షి కప్పును ఆమె చేతుల్లో పెట్టింది. ఊరికే, పట్టుకోని చూడమని. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "మూత సొట్టపోయుండాది సూడు," అనింది. ముగ్గురమూ కింద కూలబడి నవ్వినాము.

సాయంత్రం బస్టాండుకు జ్ఞానాంబ కూడా వచ్చింది. బస్సు కదిలినాక ఆమెకు గుర్తొచ్చింది, మా అడ్రసు తీసుకోలేదని. కిటికీ పక్కన పరిగెత్తుతా అడిగింది. పంకజాక్షి తల బయట పెట్టి మేనత్త ఇంటి వీధి పేరు అరిచింది. ఇంజను మోతలో ఆమెకు వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకోని "యాడ? యాడ?" అంటా ఉండాది. నేనూ అరిచినాను. టీచరూ అరిచింది. వెనక సీట్లో ఎవరో గుంపుగా తిరుపతికి పోతా ఉండినోళ్లు, వాళ్లు కూడా అందుకున్నారు. కండక్టరు విసుక్కుంటా విజిలూదితే డ్రైవరు బస్సాపినాడు.

"చెప్పండమ్మా, చెప్పి తెగ్గొట్టండి!" అన్నాడు కండక్టరు.

పంకజాక్షి కిటికీలోంచి సగం దాకా వంగి, ఒక్కొక్క మాటా నిదానంగా చెప్పింది. జ్ఞానాంబ రొప్పుతా, ఒక్కొక్క మాటా తిరిగి చెప్పింది.