జర్మన్ బాబాయి రైలు

పొద్దున్నే కోడలు షాపు షట్టరు ఎత్తేసరికి, అత్తగారు పీట వేసుకుని పట్టకారుతో సిద్ధంగా ఉండేది. పాత సోఫాలు, కుర్చీలు బాగుచేయడం వాళ్ళ పని. చిరిగిన బట్ట ఊడదీసి, స్ప్రింగులు సరిచేసి, కొత్తది కుట్టడం కోడలి వంతు. మేకులు పీకడం అత్తగారి వంతు. మేకుల కన్నా ఆవిడకి ఇష్టమైన పని సోఫా సందుల్లో చెయ్యి పెట్టి దేవులాడటం. దువ్వెనలు, గుండీలు, విడిపోయిన జతలో ఒక చెవిపోగు, ఒకసారి ఎవరిదో పళ్ళ సెట్టు, అన్నీ దొరికేవి.

"పళ్ళు ఊడినా తెలియకుండా కూర్చున్నాడంటే ఎంత సుఖంగా కూర్చున్నాడో చూడవే!" అని మురిసిపోయింది ఆ రోజు.

ఇంట్లో వాళ్ళిద్దరే. అత్తగారి కొడుకు పోయి చాలా ఏళ్ళయింది. మొదట్లో ఒకరినొకరు ఓదార్చుకోవడానికి కలిసి ఉన్నారు. తర్వాత్తర్వాత, పోట్లాడుకోవడానికి కూడా ఇంకెవరూ నచ్చక ఉండిపోయారు.

అయితే దూరాన ఉన్న ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "అన్నయ్యే లేని ఇంట్లో నీకేం పనమ్మా? నా దగ్గరికి వచ్చెయ్. పిల్లలూ నిన్నే అడుగుతున్నారు." అత్తగారు ఇవాళ రేపు అని దాటవేసి, చివరికి "సరే, చలి తగ్గాక వస్తాలే" అనేసింది. ఆ మాట కోడలి చెవిన పడింది. వద్దనాలని నోటిదాకా వచ్చింది. కన్నకూతురు రమ్మంటుంటే కోడలు వద్దనడమేమిటని మింగేసి, గట్టిగా నాలుగు కుట్లు ఎక్కువ వేసింది.

ఆ రోజుల్లోనే మూతపడ్డ సినిమా హాల్లోంచి ఒక పెద్ద సోఫా వచ్చింది. నలుగురు మోసుకొచ్చి, నలుగురూ నడుం పట్టుకుని వెళ్ళారు. బట్ట కోసి చూస్తే లోపల పీచూ లేదు, దూదీ లేదు. కట్టలు కట్టలుగా కాగితాలు. కాగితాల నిండా గీతలు, గీతల మీద చీమలబారుల్లా స్వరాలు.

"అందుకేనా అంత బరువు!" అంది అత్తగారు.

కోడలు ఒక కాగితం వెలుగులోకి పట్టుకుంది. ఆమెకి వయొలిన్ వచ్చు. పెదవుల్లోనే చదువుకుంటూ, తెలియకుండానే పాదంతో తాళం వేసింది. ఆ పూట ఇంక సోఫా ముందుకు సాగలేదు.

ఆ ఊళ్ళో రకరకాల పనులు చేసుకునేవాళ్ళు కొందరు బుధవారం సాయంత్రాలు ఒక పాత హాల్లో చేరి ఆర్కెస్ట్రాగా వాయించుకునేవాళ్ళు. పోస్టుమాన్ ట్రంపెట్, మందులషాపావిడ ఫ్లూటు, కోడలు రెండో వరసలో వయొలిన్. ముందు నిలబడి చేతులు ఊపేది పళ్ళ డాక్టరు. ఆయన్ని కండక్టరు అంటారని తెలిసిన రోజు అత్తగారు తెగ ఆశ్చర్యపోయింది. "టిక్కెట్లు కొట్టడు, చిల్లర ఎగ్గొట్టడు, ఈయనేం కండక్టరే?" ఇంట్లో ఒక్కతే ఉండటం ఇష్టంలేక, రిహార్సల్ ఉన్నప్పుడల్లా ఆవిడా వచ్చి ముందు వరసలో కూర్చునేది.

డాక్టరు జర్మనీలో చదువుకుని వచ్చినవాడు. కోడలు తెచ్చిన కట్టలు విప్పి చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇవి జర్మన్ సినిమాలకి రాసిన స్కోర్లు. ఆర్కెస్ట్రా మొత్తానికీ, ఎవరేం వాయించాలో విడివిడిగా రాసిపెట్టాడు." కాగితం మీదున్న సంగీతకారుడి పేరు మూడుసార్లు చదివితే మూడు రకాలుగా వచ్చింది. పోస్టుమాన్ నోరు తిరక్క, "మనకి జర్మన్ బాబాయి అనుకుందాం" అన్నాడు. అదే ఖాయమైంది.

డాక్టరు పాత పుస్తకాలేవో తిరగేసి తెలుసుకున్నది కొంచెమే. బాబాయి బోలెడు సినిమాలకి సంగీతం కట్టాడు. ఆయన పేరు తెరమీద పడేసరికి జనం లేచి, కుర్చీల కింద చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాళ్ళు. అందుకని ఎవరికీ తెలియదు.

కానీ కోడలికి మొదటి పేజీకే ఆయన సొంత మనిషిలా అనిపించాడు. మామూలుగా రెండో వరస వయొలిన్లకి ఎవరూ పాట ఇవ్వరు. ముందు వరసవాళ్ళు పాడుతుంటే వెనకనించి ఊఁ కొట్టడమే వీళ్ళ పని. జర్మన్ బాబాయి అలా కాదు. ముందు వరసని కాసేపు నోరు మూయించి, రెండో వరసకి ఒక పొడుగాటి పాట ఇచ్చాడు. అది నెమ్మదిగా మొదలై, మెట్టు మెట్టు ఎక్కి, పైన ఒకచోట ఆగి చుట్టూ చూసినట్టుండేది.

మొదటి బుధవారం వాన సీను వాయించారు. వయొలిన్ తీగల్ని వేళ్ళతో మీటుతుంటే హాల్లో సన్నగా జల్లు మొదలైంది. పెద్ద వయొలిన్ లాంటి చెల్లోలు వాయించేవాళ్ళు బాల్కనీ కిందకి జరిగారు. అత్తగారు కొంగు తలమీద కప్పుకుంది. వాయించడం అయిపోగానే వానా వెలిసింది.

"వాన ఉంటే ముందే చెప్పాలి కదండీ!" అని హాలు తుడిచే ఆవిడ డాక్టరు మీద విసుక్కుంది. "చాపలన్నీ తడిసిపోయాయి." ఆ తర్వాత అందరూ గొడుగులు తెచ్చుకున్నారు. బాతుల సీను వాయించిన రోజు, అవి వీధిలోకి పోకుండా ఆవిడే గేటు దగ్గర తడిక అడ్డం పెట్టింది.

రైలు సీను వాయించినప్పుడు ఎడమవైపు గోడలోంచి రైలొచ్చి, కుర్చీల మధ్య ఆగింది. ఒక పెట్టె తలుపు తెరుచుకుని, బూడిదరంగు టోపీ పెట్టుకున్న పెద్దాయన సంచీతో మెట్టు మీదకి వచ్చాడు. అటూ ఇటూ చూసి ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడు?" అంది అత్తగారు.

"నేను దిగవలసింది ఇక్కడేనా అంటున్నాడు," అన్నాడు డాక్టరు, చెయ్యి ఊపడం ఆపకుండా. "స్కోరులో రాసుంది. ఎవరూ జవాబు చెప్పరు. మళ్ళీ ఎక్కేస్తాడు."

నిజంగానే ఆయన ఎక్కేశాడు. రైలు కుడివైపు గోడలోంచి వెళ్ళిపోయింది.

రైలు ఆగి ఉన్నంతసేపూ వాయించేది ఒక్క స్వరమే. దాని మీద చిన్న టోపీ లాంటి గీత, గీత కింద చుక్క ఉన్నాయి. ఆ గుర్తు కనిపిస్తే కండక్టరు చెయ్యి దించేదాకా స్వరాన్ని సాగదీయాలి. డాక్టరు ఊపిరి పీల్చినంతసేపు ఆపి దించేసేవాడు. ప్రతి బుధవారం ఆ పెద్దాయన దిగబోవడం, అడగడం, ఎక్కేయడం. అత్తగారు గబగబా లేచేది. మోకాళ్ళు సర్దుకుని నాలుగడుగులు వేసేలోపు రైలు కదిలిపోయేది.

"ఒక్క క్షణం ఆపకూడదుటయ్యా? పాపం, దారి అడుగుతున్నాడు!"

"రాసినట్టు వాయించాలండీ," అనేవాడు డాక్టరు.

చలి తగ్గింది. కచేరీ ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. తల్లిని తీసుకెళ్ళడానికి ఆడపడుచు ఆ ఉదయమే దిగింది. కచేరీ కాగానే బస్సు. అత్తగారి పెట్టె సర్దింది కోడలే. చీరలు మడతపెట్టి, మోకాళ్ళకి రాసుకునే నూనె సీసాకి మూత బిగించి, గుడ్డ చుట్టి పెట్టింది. "పైనే పెట్టాను అత్తయ్యా," అంది. "సరే," అంది అత్తగారు.

హాలు నిండింది. వాన సీనుకి గొడుగులు తెరుచుకున్నాయి, బాతులు వచ్చి వెళ్ళాయి. చివరికి రైలొచ్చింది. పెద్దాయన మెట్టు మీదకి వచ్చి ఎప్పటిలాగే అడిగాడు. అత్తగారు కూతురి చెయ్యి విడిపించుకుని లేచింది.

డాక్టరు చెయ్యి దించాడు. అందరూ ఆపేశారు. ఒక్క వయొలిన్ మాత్రం ఆగలేదు.

రెండో వరసలో కోడలు కళ్ళు మూసుకుని ఆ స్వరాన్ని లాగుతూనే ఉంది. కమాను చివరిదాకా వెళ్ళి, చప్పుడు లేకుండా వెనక్కి తిరిగింది. ఇన్నేళ్ళలో ఆమె వయొలిన్ ఒక్కటే వినపడటం అదే మొదటిసారి. పక్కనున్నామె ఆమె మొహం చూసి కమాను ఎత్తింది. మందులషాపావిడ ఫ్లూటు అందుకుంది. తర్వాత అందరూ అందుకున్నారు. ఊది ఊది పోస్టుమాన్ మొహం కందగడ్డయింది. డాక్టరు ముందు తెల్లబోయాడు, తర్వాత కాగితం మూసేసి చెయ్యి పైకెత్తి అలాగే నిలబడ్డాడు. ఇంజను డ్రైవరు కిటికీలోంచి తొంగిచూసి, వాచీ చూసుకుని, మోచెయ్యి ఆనించుకున్నాడు.

అత్తగారు నెమ్మదిగా, ఒక చేత్తో కుర్చీలు పట్టుకుంటూ రైలు దాకా నడిచింది.

"ఇక్కడేనండీ," అంది. "ఎంతసేపని అలా నిలబడతారు? దిగండి." భాష అర్థమైందో లేదో గాని, ఆవిడ సంచీ అందుకునేసరికి ఆయన దిగాడు. టోపీ తీసి, ఆవిడ చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరు చెయ్యి దించాడు. రైలు ఆయన లేకుండానే వెళ్ళిపోయింది.

చప్పట్లు అయ్యాక ఆడపడుచు తొందరపెట్టింది. "పదమ్మా, బస్సుకి టైమైంది."

"నేనెలా వస్తానే? ఆయన్ని దింపింది నేను. దింపేసి నా దారిన నేను పోతే ఏం మర్యాద?"

"వదినేమైనా అందా?"

"అది ఏమీ అనదే. వాయిస్తుంది."

ఆడపడుచు తల్లిని చూసింది. వయొలిన్ పెట్టెలో పెడుతూ తలెత్తని వదినని చూసింది. కాసేపు మొహం ముడుచుకుని, నిట్టూర్చి, "సరే, సెలవులకి పిల్లల్ని నేనే తీసుకొస్తాను," అంది. "ఆ వానలో తడిస్తే గాని వాళ్ళు నమ్మరు."

ఆ సాయంత్రం పెద్దాయనకి షాపు పైన ఖాళీగా ఉన్న గది చూపించారు. ఆయన కిటికీ తెరిచి, వీధి చూసి, టోపీ మేకుకి తగిలించాడు. కింద వంటింట్లో అత్తగారు ముగ్గురికి వంట మొదలుపెట్టింది. కోడలు గుమ్మంలో నిలబడి ఏదో చెప్పాలని చూసింది. మాటకి ముందే కళ్ళు కారిపోయాయి.

అత్తగారు కత్తిపీట ఆమె వైపు జరిపింది.

"ఎలాగూ ఏడుస్తున్నావు, ఆ ఉల్లిపాయలేవో నువ్వే కోసెయ్."