చేత్తో చదివిన వీలునామా

మా అన్నయ్యకు మెదడువాపు వచ్చి తగ్గింది. తగ్గిందని డాక్టర్లు అన్నారు, దేవుడి ముందు దీపం పెట్టి నేనూ ఆ మాటే చెప్పుకున్నాను. కాని ఇరవై రెండు రోజుల తర్వాత కళ్ళు తెరిచిన అన్నయ్య, ఆస్పత్రి గది తలుపు మీద బోర్డు చూసి, "ఒరేయ్ చిన్నోడా, ఇదేం భాషరా?" అని అడిగాడు.

ఆ బోర్డు మీద "నెమ్మదిగా మాట్లాడండి" అని ఉంది. మన భాషే. పైగా ఆరేళ్ళ క్రితం ఆ బోర్డు రాసింది అన్నయ్యే.

దుకాణాలకు బోర్డులు రాయడం అన్నయ్య పని. సుద్ద పూసిన దారం లాగి గీత కొట్టి, కుంచె ఎత్తకుండా ఒక్క ఊపులో 'క్ష' రాస్తుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే మేడ మీద గదిలో ఉంటాడు. నాది పిండిమర. నా రాత చూసి, "నీ అక్షరాలకి కూడా పిండి అంటుకుందిరా" అని నవ్వేవాడు.

విచిత్రం ఏమిటంటే, అతనికి రాయడం పోలేదు. ఏ మాట చెప్పినా ముత్యాల్లా రాసేవాడు. రాసిన కాగితం రెండు నిమిషాల తర్వాత చేతికిస్తే, తను రాసిందే తనకు చీమల బారులా కనిపించేది. చదవడం ఒక్కటే పోయింది.

రోజూ దణ్ణం పెట్టుకుంటూ అడిగేవాణ్ణి. "ప్రాణం నిలబెట్టావు, సంతోషం. కాని అక్షరాలతో బతికే మనిషి దగ్గర అక్షరాలే తీసుకోవాలా స్వామీ? నా దగ్గర తీసుకుని ఉంటే నాలుగు రోజుల దాకా నేను గమనించేవాణ్ణే కాదు కదా?" జవాబేమీ రాలేదు. ఆస్పత్రి వెనక ఒక కేంద్రం ఉందని మాత్రం ఒక నర్సు చెప్పింది.

మెదడు జబ్బుల నుంచి లేచినవాళ్ళకు మాట, నడక, చదువు మళ్ళీ నేర్పే చోటు అది. దాతలు ఇచ్చినదానితో నడుస్తుంది. ఉన్నవి రెండు గదులు. అవి నిండితే మిగిలినవాళ్ళు వరండాలో నిలబడే నేర్చుకుంటారు. పక్కన మందుల బండి వెళ్ళినప్పుడల్లా గోడకు అతుక్కోవాలి. అక్కడి టీచరమ్మ అన్నయ్యను ఒక గంట చూసి, "మీ కళ్ళు మర్చిపోయాయి, చెయ్యి మర్చిపోలేదు. ఇక చేత్తో చదవండి" అంది.

అచ్చులో ఉన్న అక్షరం మీద వేలు పెట్టి, రాస్తున్నట్టే తిప్పాలి. వేలు తిరిగిన తీరును బట్టి అది ఏ అక్షరమో మనసుకు తెలుస్తుంది. మొదటిరోజు ఒక్క మాట చదవడానికి పావుగంట పట్టింది. "గొడుగు" అని చదివి అన్నయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. టీచరమ్మ మాత్రం, "బాగుంది, ఇంకోటి" అంది.

పది నెలలకు నాలుగు లైన్లు చదవగలిగాడు. బోర్డులు రాసే తన సొంత దుకాణం గది మళ్ళీ తెరిచాడు. ఒకరోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "ఆ గది నా తర్వాత కేంద్రానికి రాసేస్తాను" అన్నాడు.

మా ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా అమ్మాయి కుట్టుపని నేర్చుకుంది. మా ముందుగదిలో మంచం జరిపి, మిషను వేసుకుని కుడుతోంది. పెద్దవీధిలో ఉన్న పెదనాన్న గది ఎప్పటికైనా తనదేనని ఎవరూ చెప్పకుండానే అందరం అనుకున్నాం. నేనే ఎక్కువ అనుకున్నాను.

వంటింట్లో మా ఆవిడ గొంతు తగ్గించి, "బావగారికి తల ఇంకా పూర్తిగా కుదుటపడలేదేమోనండీ" అంది.

"కుదుటపడింది" అన్నాను. గట్టిగా అనలేకపోయాను.

రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే ఒక పెద్దాయన ఉన్నాడు. అన్నయ్య అంతా వివరంగా చెప్పాడు, ఆయన తలూపాడు. అనుకున్న రోజున వెళ్ళేసరికి కాగితం తయారుగా ఉంది. అన్నయ్య బెంచీ మీద కూర్చోగానే ఆయన నన్ను చెట్టు చాటుకు పిలిచాడు.

"మీ అన్నగారు చెప్పినట్టు రాయలేదండీ. మీ పేరే పెట్టాను."

"నేను మిమ్మల్ని అడగలేదే!"

"అడగాలా? ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాను, ఎవరికి ఏది మంచో నాకు తెలియదా? జబ్బు చేసి లేచిన మనిషి ఏదో అంటాడు. ఇంటి ఆస్తి ఇంట్లోనే ఉంటుంది. ఆయన ఎలాగూ చదవలేరుగా."

చెడ్డవాడిలా అనలేదు. మేలు చేసిన మనిషిలా నా భుజం తట్టాడు. అప్పుడే కాదనాల్సింది. ఇంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

రిజిస్ట్రారు మా అమ్మాయి కంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. అన్నయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నన్ను చూపించి, "ఈయన ఎవరండీ?" అని అడిగింది.

"వీడా? మా తమ్ముడమ్మా. పిండిమర. ఇవాళన్నా చొక్కా దులుపుకుని వస్తాడనుకున్నాను."

ఆమె నవ్వు ఆపుకుంది. "మీకున్న ఆస్తి ఏమిటి?"

"పెద్దవీధిలో ఒక గది. రెండు నిచ్చెనలు."

"ఈ కాగితం చదువుకున్నారా?"

"నేను చదివితే సాయంత్రం అవుతుందమ్మా. మా తమ్ముడు చదువుతాడు. వాడు చదివితే నేను చదివినట్టే."

కాగితం నా చేతికి వచ్చింది. మొదటి పేరా చదివాను. రెండోది చదివాను. మూడోదానిలో ఆ లైను ఉంది. 'నా తదనంతరం సదరు గది నా తమ్ముడికి చెందవలెను.'

ఆగిపోయాను. కేంద్రం పేరు పెట్టి చదివేస్తే వింటాడు, సంతకం పెడతాడు, నన్ను దీవిస్తూ ఇంటికి వస్తాడు. కాగితం మీద మాత్రం గది నాది. దేవుణ్ణి తలుచుకుందామనుకున్నాను, సిగ్గేసి తలుచుకోలేదు. మా అమ్మాయి మంచం జరుపుకుంటూ మిషను దగ్గర కూర్చోవడం కళ్ళలో మెదిలింది.

"ఏంట్రా, నీక్కూడా అక్షరాలు పోయాయా?" అన్నాడు అన్నయ్య.

ఉన్నది ఉన్నట్టు చదివాను.

అన్నయ్య నాకేసి చూశాడు, తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ దస్తావేజుల ఆయనకేసి చూశాడు. ఆయన, "అలవాటులో అలా పడిపోయిందండీ, మళ్ళీ టైపు కొట్టుకొస్తాను" అని గొణిగాడు.

"మీకెందుకు శ్రమ!" అని అన్నయ్య రిజిస్ట్రారు వైపు తిరిగాడు. "అమ్మా, ఒక తెల్ల కాగితం ఇస్తారా? చేత్తో రాస్తే చెల్లుతుందా?"

చెల్లుతుందంది. అన్నయ్య రాశాడు. గీత లేని కాగితం మీద గీత గీసినంత తిన్నగా ఉన్నాయి అక్షరాలు. ఆమె కుర్చీలోంచి కొంచెం లేచి చూసింది.

"ఇంత బాగా రాశారు. ఇది కూడా చదవలేరా?"

"రాసేటప్పుడు నాదేనమ్మా. రాశాక పరాయిది అయిపోతుంది."

"అయితే ఈసారి మీరే చదవండి. ఎంతసేపైనా పర్వాలేదు. మీకు తెలిసే సంతకం పెడుతున్నారని నేను చూడాలి."

అన్నయ్య చూపుడువేలు మొదటి అక్షరం మీద పెట్టాడు. "నే... ను." వేలు తిరుగుతోంది, పెదవులు కదులుతున్నాయి. మా వెనక బెంచీ మీద ఒకాయన, "ఒక్క కాగితానికి ఇంతసేపా? మేం మళ్ళీ పుట్టి రావాలా?" అని విసుక్కున్నాడు.

"నిదానంగా పుట్టండి బాబూ, ఇంకా మూడు లైన్లున్నాయి" అన్నాడు అన్నయ్య తలెత్తకుండా.

ఆ తర్వాత ఎవరూ విసుక్కోలేదు. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ చివరి దాకా చదివాడు. "నా తర్వాత నా గది, మెదడు జబ్బు నుంచి లేచినవాళ్ళకు నేర్పే కేంద్రానికి చెందాలి. వాళ్ళు కూర్చుని నేర్చుకోవాలి." సంతకం పెట్టాడు. సాక్షులుగా నేనూ, ఆఫీసు గుమాస్తా ఒకాయనా సంతకాలు చేశాం.

మెట్లు దిగాక ఉండబట్టలేక చెప్పేశాను. "అన్నయ్యా, ఆ కాగితంలో ఏముందో ఆయన నాకు ముందే చెప్పాడు."

"అనుకున్నాను. నువ్వు అంతసేపు ఆగడం ఎప్పుడూ చూడలేదు."

"కోపం లేదా?"

"ఆగావు, తర్వాత చదివావు. దీనికి కోపం ఏంట్రా?" నాలుగడుగులు వేసి మళ్ళీ అన్నాడు. "అమ్మాయి మిషను సంగతి నేను మర్చిపోలేదురా. నేనున్నన్నాళ్ళూ ఆ గదిలో సగం నాకు ఖాళీయే. రేపటి నుంచి వచ్చి కుట్టుకోమను. తర్వాత సంగతి అది చూసుకోగలదు. వరండాలో గోడకు అతుక్కునేవాళ్ళు చూసుకోలేరు."

నాకు పూర్తిగా సంతోషం కలిగిందని చెబితే అబద్ధం. సగం సంతోషం, సగం దిగులు. ఆ రెండింటితోనే ఇంటికి వచ్చాను.

గుమ్మంలోనే మా ఆవిడ, "పని అయిందా?" అని అడిగింది. జరిగింది చెప్పాను. అంతా విని, "తప్పు పడిందని కనిపెట్టింది ఎవరు?" అంది.

"నేనే చదివాను."

నా చొక్కా మీద పిండి తన చేత్తోనే దులిపింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "బావగార్ని పిలవండి, ఇద్దరూ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అని లోపలికి వెళ్ళింది.