ముప్పై ఒకటో గడి

నేను ఒక సాఫ్ట్‌వేర్‌ని. ముఖం చిట్లించకండి. మీకు జీతాలు వేసేదాన్నీ కాదు, రైలు టికెట్లు ఇచ్చేదాన్నీ కాదు. పాత బొమ్మలకు వైద్యం చేసేవాళ్లు కొందరుంటారు. ఏ బొమ్మకు ఏం జబ్బు, ఏ మందు పూశారు, ఎవరు పూశారు అన్నది రాసి పెట్టుకోవడానికి నన్ను పుట్టించారు. పేరు 'రక్షణి' అని పెట్టారు. పెట్టినవాళ్లకు హాస్యం ఇంత ఎక్కువని అప్పట్లో నాకు తెలియదు.

నేను పుట్టింది హైదరాబాదులో, ఆరో అంతస్తులోని ఒక చల్లటి గదిలో. నన్ను రాసిన నలుగురిలో పాత బొమ్మను చేత్తో ముట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. అసలు పని ఎలా జరుగుతుందో చూసి రమ్మని వాళ్లలో ఒకతన్ని ఓ జిల్లా మ్యూజియానికి పంపారు. అతను ఒక పూట కూర్చుని, రెండుసార్లు టీ తాగి, ఇందువదన రిజిస్టర్‌ను ఫోన్‌లో ఫొటోలు తీసుకుని వచ్చేశాడు.

ఇందువదన ఆ మ్యూజియంలో ఇరవై ఆరేళ్లుగా బొమ్మలు బాగుచేస్తున్న మనిషి. మురికి తుడవడానికి తడి దూది పెట్టాలంటే, ముందు ఓ మూల ఆవగింజంత చోట అద్ది చూసేది. దూదికి రంగు అంటకపోతేనే ముందుకు వెళ్లేది. పది బొమ్మలు వరసగా తడిని తట్టుకుంటే, మొదటిదాని ఎదురుగా వివరమంతా రాసి, మిగతా తొమ్మిదింటికీ 'సదరు' అని పెట్టేది. పరీక్ష చేయకుండా ఒక్క సదరు కూడా రాసి ఎరుగదు. ఆమె తగ్గించుకున్నది చేతి శ్రమే గాని కంటి శ్రమ కాదు.

ఫొటోలు తీసిన పెద్దమనిషికి సదరులు కనబడ్డాయి, దూది కనబడలేదు. తిరిగొచ్చి నాకో బటన్ తగిలించాడు. దాని మీద 'పైదానిలాగే' అని ఉంటుంది. ఒక్కసారి నొక్కితే కింద ఖాళీగా ఉన్న వరసలన్నీ నిండిపోతాయి. నన్ను చూపించిన రోజు అందరూ చప్పట్లు కొట్టింది ఆ బటన్‌కే. నేనూ పొంగిపోయాను, ఎందుకు దాచడం.

మ్యూజియంలో ఇందువదన బల్ల మీదున్న కంప్యూటర్‌లోకి చేరాను. ఆ ఏడే కొంరయ్య పటం వచ్చింది. కొంరయ్య అంటే, బొమ్మల పటం వేలాడదీసి కులపురాణం చెప్పే మనిషి. డెబ్బై దాటాయి. ముత్తాతల నాటి ఆ గుడ్డ పటంలో నలభై రెండు గడులు, గడికో బొమ్మ. ముప్పై ఒకటో గడిలో వాళ్ల కులానికి మూలమైన తల్లి ఉంటుంది. అక్కడ ఆగి దండం పెట్టుకున్నాకే కథ ముందుకు సాగుతుంది. పటం బాగా పాతబడితే పూజ చేసి గోదావరిలో కలిపి, కొత్తది గీయించుకోవడం వాళ్ల ఆచారం. ఆ సంగతి తెలిసి ఇందువదన మూడుసార్లు ఆయన ఊరికి వెళ్లింది. నాలుగోసారి ఆయనే పటాన్ని భుజాన వేసుకుని వచ్చాడు.

"ఇది మాకు బొమ్మ గాదు బిడ్డా, మా తల్లి. పానం అయిపోయినంక గంగల కలిపి సాగనంపుతం."

"నీళ్లల్ల కలపకు పెద్దయ్యా. నాకియ్యి. దీనికేం గాకుండ నేను జూస్కుంట."

"నీ మాట మీద ఇస్తున్న మరి," అని ఆయన పటాన్ని బల్ల మీద పడుకోబెట్టాడు. నిద్రపోతున్న మనిషిని దించినట్టు దించాడు.

ఇందువదన ఒక్కో గడినీ పరీక్షిస్తూ నాలో రాయడం మొదలుపెట్టింది. రోజుకు రెండు గడులు. నా తెర మీద పని ఎంత శాతం అయిందో చూపే ఆకుపచ్చ గీత ఒకటుంటుంది. క్యూరేటర్ విశ్వమోహన్ గారికి పటం కన్నా ఆ గీత మీదే మక్కువ. కొత్త గ్యాలరీ ప్రారంభానికి తేదీ ఖరారైంది. పొద్దున రాగానే గీత చూసి నిట్టూర్చేవాడు.

"ఇంకా నలభై ఐదు శాతమే ఏంది మేడం? అన్నీ ఒక్క చెయ్యి గీసినయే గదా. ఆ బటన్ ఎందుకున్నట్టు? నొక్కేయండి."

"ఒక్కోటి చూడకుంటే ఎట్ల సార్?"

"ఇప్పటిదాక ఒక్కదానికన్నా రంగు ఊడిందా? పైకి జవాబు చెప్పేది నేను."

పందొమ్మిది గడులు తట్టుకున్నాయి. ఇరవయ్యోదాని దగ్గర ఇందువదన దూది పక్కన పెట్టింది. ఆ బటన్ నొక్కింది. నలభై రెండు వరసల్లోనూ 'నీటికి తట్టుకుంటుందా? అవును' అని పడింది. గీత నిండిపోయింది.

రిజిస్టర్ అయితే ఆమె చేతిరాతే ఆమెను నిలదీసేది. నాలో అన్ని అక్షరాలూ ఒకేలా ఉంటాయి. ఏది చూసి రాసినదో, ఏది నొక్కితే పడినదో నేనే చెప్పలేను. రెండు వారాలు ఇరవై తొమ్మిది గడుల మురికి తుడిచేసరికి, నిజంగా పరీక్షించింది ఎక్కడిదాకానో ఆమెకూ లెక్క తప్పింది. మధ్యలో ఓ రోజు ఒక గడి వరస తెరిచి, తట్టుకుంటుందా అని నన్నే అడిగింది. నేను 'అవును' అన్నాను. ముప్పయ్యోది కూడా చల్లగా గడిచింది.

ముప్పై ఒకటో గడిలో తల్లి ముఖం ఎప్పుడో చిరిగితే, కొంరయ్య వాళ్ల తాత బజారు రంగు కొనుక్కొచ్చి మళ్లీ దిద్దుకున్నాడట. తడి దూది అలా తాకిందో లేదో ముఖం దూదిలోకి వచ్చేసింది. కళ్లు, బొట్టు, అన్నీ. ఇందువదన ఆ దూదిని గుప్పిట్లో మూసుకుంది.

విచారణ నా ఎదుటే జరిగింది. విశ్వమోహన్ గారు తెర చూపించి, "రికార్డుల మేడం పేరే ఉంది, నేనేం జేస్త?" అని చేతులు దులుపుకున్నాడు. నోటిమాటకు నాలో గడి లేదు. ఆమె కూడా ఆయన పేరెత్తలేదు. "నొక్కింది నా వేలే," అంది. ఆమెను స్టోర్‌కు బదిలీ చేశారు.

కొంరయ్యకు ఆమే కబురు చేసింది. ఆయన వచ్చి, ముఖం లేని తల్లి ముందు అలవాటుగా దండం పెట్టాడు. తిట్టలేదు. తిడితే బాగుండేదని ఆమె ముఖం చూస్తే తెలిసింది.

"గంగల కలిపితే సాగనంపినమని ఏడ్చి ఊకుందుము బిడ్డా. గిప్పుడు నా తల్లిని ఏమన్నరని చెప్పుకోను?"

ఆయన వెళ్లాక ఇందువదన నా ముందు కూర్చుంది. ముప్పై ఒకటో వరస తెరిచి, 'అవును' చెరిపి 'కాదు' అని కొట్టింది. విచారణ అయిపోయాక రికార్డుకు తాళం వేయమని నాకు ముందే చెప్పి పెట్టారు. 'ఈ రికార్డు ముగిసింది. మార్పులు కుదరవు' అన్నాను. మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ అదే అన్నాను. మర్యాదగానే అన్నాను. ఆమె లేచి, బీరువాలోంచి పాత రిజిస్టర్ తీసి, ఏదో రాసి వెళ్లిపోయింది. ఏం రాసిందో నాకు తెలియదు.

ఇప్పుడు నేను పాతదాన్నైపోయాను. నిన్న నాలో ఉన్నదంతా ఒక కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించారు. ఒక్క అక్షరం కూడా పోలేదని ధ్రువపత్రం ఇచ్చారు. నిజంగానే పోలేదు. ముప్పై ఒకటో గడి ఎదురుగా అందులోనూ 'అవును' అనే ఉంది.