డబ్బాలో అక్క పాలు

నేను ఒక జర్దా డబ్బాను. అరచేతిలో ఇమిడే రేకు డబ్బాను, మూత మీద ఎర్ర గులాబీ. ఏ కార్ఖానాలో పుట్టానో గుర్తు లేదు. గుర్తుంచుకోదగ్గ పుట్టుకేం కాదు. నిజామాబాద్ వైపు ఒక పల్లెలో ఒక ముసలమ్మ నన్ను పన్నెండేళ్లు రొంటిన దోపుకుని తిరిగింది. ఆమె పోయాక ఇద్దరు కోడళ్లు చెంబులూ గిన్నెలూ సగం సగం పంచుకున్నారు. నన్ను పంచడమే కుదరలేదు.

"ఇద్దరిది అనుకుందం తియ్ చెల్లె" అంది పెద్దకోడలు ఎల్లుబాయి. చిన్నకోడలు భూలక్ష్మి తలూపింది. తోటికోడళ్లను ఇక్కడ యారాండ్లంటారు. వాళ్లకు ఒకరంటే ఒకరికి పడదని లోకం అంటుంది. అన్నవాళ్లు వీళ్లిద్దరినీ చూసి ఉండరు.

ఇద్దరూ ఒకే అరుగు మీద ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవారు. తడిపిన తునికాకు ఆరిపోకముందే పని తెమలాలి కనుక పొద్దుటి తిండి మధ్యాహ్నానికి జరిగేది. వంగి వంగి నడుము పట్టేస్తే ఎల్లుబాయి నా మూత తీసేది. జర్దా పోయి నాలో తెల్లటి నొప్పి గోలీలు చేరాయి. ఖాళీ కడుపున ఒకటి మింగి, గుక్కెడు చాయ్ తాగితే మళ్లీ చేతులు ఆడేవి. ఇలా ఏళ్లు గడిచాయి.

తర్వాత కడుపులో మంట మొదలైంది. ఎల్లుబాయి దానికి గ్యాస్ అని పేరు పెట్టింది. ఈ కాలపు మనుషులకు గుండెలో నొప్పయినా గ్యాసే, మనసులో దిగులైనా గ్యాసే.

"కారం బంద్ జెయ్యక్కా" అంది భూలక్ష్మి.

ఎల్లుబాయి ప్రాణం పెట్టే మామిడికాయ తొక్కు మానేసింది. మిరపకాయ మానేసింది. చప్పిడి అన్నం తిని పాలు తాగింది. నాలోని తెల్ల గోలీ ఒక్కటే మానలేదు. నొప్పి తీసేదాని మీద ఎవరికి అనుమానం వస్తుంది?

చివరికి భూలక్ష్మే ఆమెను పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది. భూలక్ష్మి బయట మందుల వరసలో నిలబడి ఉండగా, లోపల డాక్టరమ్మ చెప్పిన మాటలు ఎల్లుబాయీ ఆమె రొంటిన ఉన్న నేనూ మాత్రమే విన్నాం.

"నోట్లోంచి గొట్టం వేసి చూశాం కదమ్మా, కడుపులో పుండుంది. కారంతో వచ్చింది కాదు. కంటికి కనబడని క్రిమి ఒకటుంది, దానికి నువ్వు మింగే నొప్పి మాత్రలు తోడయ్యాయి. అవి ఇక ముట్టుకోకు. క్రిమిని చంపే మాత్రలు రెండు రకాలు, కడుపులో పులుపు తగ్గించే గొట్టం మాత్ర తిండికి ముందు. మొత్తం పద్నాలుగు రోజులు. మంట ముందే పోతుంది. పోయిందని ఆపితే క్రిమి బతికిపోతుంది."

ఎల్లుబాయి తెల్ల గోలీలను గేటు దగ్గరే పారబోసింది. కొత్త మందు నాలో చేరింది. ఏడో రోజుకు మంట పోయి ముఖం తేటపడింది. ఎనిమిదో పొద్దున భూలక్ష్మి చాట పక్కన పెట్టి పొట్ట పట్టుకుంది.

"నాకు గూడ గట్లనే మండుతుందక్కా."

ఎల్లుబాయి క్షణం ఆలోచించలేదు. "నాకు తగ్గింది. ఇంక ఏడు దినాలయి ఉన్నయ్. నీ పాలు నువ్వేసుకో" అని నన్ను ఆమె చేతిలో పెట్టింది.

పాలంటే ఇక్కడ వాటా. అత్త చెంబులు పంచుకున్నట్టే మందునూ పంచేసింది. డాక్టరమ్మ మాట నాకు గుర్తుంది, కానీ రేకుకు నోరెక్కడిది?

భూలక్ష్మి రోజూ వేసుకుంటున్నానని చెప్పింది. ఒక్కటీ వేసుకోలేదు. అక్కకు మళ్లీ మంట లేస్తే పనికొస్తాయని నన్ను బట్టల పెట్టెలో, చీరల కింద దాచింది. ఒకరి కోసం ఒకరు మిగిల్చుకున్న మందు ఇద్దరి నోటికీ అందలేదు. అక్కడ, ఆ చీకట్లో, నేను ఏడ్చాను.

వానలు పడ్డాక ఎల్లుబాయికి రెండు రోజులు దొడ్డికి తారులా నల్లగా అయింది. ఎవరికీ చెప్పలేదు. మూడో పొద్దున చాటలో తునికాకు మీద రక్తం కక్కింది. భూలక్ష్మి అక్కనూ నన్నూ పట్టుకుని ఆటో ఎక్కింది. దారి పొడుగునా "గోలీలున్నయక్కా, దాసిపెట్టిన" అంటూనే ఉంది. ఆసుపత్రి చేరేసరికి వినడానికి అక్క లేదు.

డాక్టరమ్మ నా మూత తీసి చూసింది. మిగిలిన గోలీలు లెక్కపెట్టి, ఎందుకు మిగిలాయో భూలక్ష్మిని అడిగి తెలుసుకుంది. తర్వాత భూలక్ష్మికి పరీక్ష చేయించింది. అదే క్రిమి, అలాంటి పుండే. ఆమెకు వేరే పద్నాలుగు రోజుల మందు ఇచ్చి, అక్కకు చెప్పిన మాటలే మళ్లీ చెప్పింది.

ఏడు రోజులకు భూలక్ష్మి మంటా పోయింది. ఎనిమిదో పొద్దున ఆ రోజు గోలీలు అరచేతిలో పెట్టుకుని, ఖాళీ అరుగు వైపు చూస్తూ కూర్చుంది. ఏడ్చింది. ఏడుస్తూనే మింగింది. పద్నాలుగు రోజులూ వేసుకుంది.

ఇప్పుడు ఆమె తొక్కు కలుపుకుని తింటుంది, ఒక్కతే. నా గులాబీ చెరిగిపోయింది. నాలోని గోలీలు గడువు దాటి, రంగు మాసి, ఎవరికీ పనికిరాకుండా ఉన్నాయి. పారెయ్యమని ఇంట్లోవాళ్లు అంటే భూలక్ష్మి నా మూత నొక్కి పెట్టి ఒకటే మాట అంటుంది.

"ఉండనియ్యుండ్రి. అయి అక్క పాలు."